వర్తక సంఘాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జనగామ, తాండూరు లాంటి ఊళ్ల వర్తక సంఘాలకు హైదరాబాద్‌లో ఉండి లెక్కలు, రిజిస్ట్రేషన్ కాగితాలు చూడటం నా పని. సరుకు కోసం బేగంబజార్‌కు వచ్చినవాళ్లు, పనయ్యాక మా ఆఫీసుకు వస్తారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇంకేం కావాలి?"

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం పెట్టొచ్చు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చాలామంది మొదటి ఏడాది ఇచ్చి వదిలేస్తారు. అధ్యక్షుడు మారతాడు, రికార్డులో మాత్రం పాత పేరే ఉంటుంది. బ్యాంకులో సంతకాలు మారవు. ఖాతాలో డబ్బుండీ మోరీ మీద బండ వేయించలేని సంఘాలున్నాయి.

అపోహ: "ఇద్దరు పెద్ద షావుకార్లు చందా ఇస్తే సంఘం నడిచిపోతుంది."

నడుస్తుంది, వాళ్ల సంఘంగా. నా లెక్కలో చందా చిన్నదిగా ఉండాలి, నెలనెలా ఉండాలి, టీ కొట్టు నుంచి బట్టల షోరూం దాకా అందరూ ఇవ్వాలి. జీతం ఇచ్చి ఒక గుమాస్తాను రసీదు బుక్కుతో దుకాణాలు తిప్పండి. చందా వసూలు అందులో సగం పనే. ఎవరి షట్టర్ ముందు చెత్త పేరుకుంది, ఎవరికి మున్సిపాలిటీ నోటీసు వచ్చింది అన్నీ అతనే మోసుకొస్తాడు. సభ్యులు మీటింగులకు రారని గోల పెట్టే కార్యవర్గాలు ముందు ఈ పని చేసి చూడాలి. ప్రతి నెలా జమాఖర్చు కాగితం గోడకు అంటిస్తే అనుమానాలు పుట్టవు, కోశాధికారికి టెన్షన్ ఉండదు.

అపోహ: "సంఘం ఉంది కాబట్టి రేటు మనమే ఫిక్స్ చేద్దాం."

వద్దు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కింద అది తప్పు. రేటు ఒక్కటే కాదు, పోటీని అడ్డుకున్నా అంతే: మా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా కొత్త స్టాకిస్టును (టోకు డీలరును) పెట్టొద్దని కంపెనీలకు షరతు పెట్టిన మందుల షాపుల సంఘాలకు కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసింది. బేగంబజార్ నుంచి సరుకు ఒకే లారీలో తెచ్చుకుని కిరాయి పంచుకోండి, దానికెవరూ అడ్డు చెప్పరు.

అపోహ: "ఎమ్మెల్యే మనిషిని అధ్యక్షుణ్ని చేస్తే పనులవుతాయి."

అవుతాయి, ఎన్నికల దాకా. తర్వాత ఊళ్లో రెండు సంఘాలు, రెండు బోర్డులు.

అపోహ: "తోపుడు బండ్లను ఖాళీ చేయించడమే సంఘం పని."

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వర్తక సంఘాల ప్రతినిధులకూ అందులో చోటుంది. బండ్లు ఎక్కడ పెట్టాలన్న గొడవ అక్కడ కూర్చుని తేల్చుకోవచ్చు. మీ ఊళ్లో ఆ కమిటీ వేశారా, మీ తరఫున ఎవరున్నారు అని మున్సిపల్ కమిషనర్‌ను రాతపూర్వకంగా అడగండి.