ఇంకో స్ప్రింగ్ తగిలిస్తే థ్రాటిల్ బాగుపడదు: జంట కార్బురేటర్లపై అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండులో మేము బాగుచేసే పాత కార్లలో ఎంజీబీ స్పోర్ట్స్ కార్లే ఎక్కువ. 1962లో అబింగ్‌డన్ ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైన ఈ కారుది 1798 సీసీ ఇంజన్, దానికి ఎస్‌యూ కంపెనీవి రెండు కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపేవి). "యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా ఇంజన్ అరుస్తూనే ఉంటోంది" అంటూ తెచ్చిన బండి బానెట్ ఎత్తితే, ఎవరో తగిలించిన అదనపు స్ప్రింగ్ తరచూ కనిపిస్తుంది. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: థ్రాటిల్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే మూత) వెనక్కి రావడం లేదంటే స్ప్రింగ్ నీరసించినట్టే, గట్టిది వేస్తే చాలు.

వాస్తవం: స్ప్రింగ్ సాగిపోవడం అసలు జరగదని అనను. కానీ నేను చూసిన బళ్లలో చాలావాటికి జబ్బు వేరు: ఎక్కడో ఏదో పట్టేస్తోంది. గట్టి స్ప్రింగ్ ఆ పట్టును కొన్నాళ్లు కనబడనివ్వదు, అంతే. ఈలోగా స్పిండిల్‌ను (థ్రాటిల్ మూత తిరిగే ఇరుసును) ఒకే పక్కకు లాగి లాగి, కార్బురేటర్ బాడీలో అది తిరిగే రంధ్రాన్ని కోలగా అరగదీస్తుంది. ఆ సందులోంచి గాలి దూరి ఐడిలింగ్ (కాలు తీసినప్పటి ఇంజన్ వేగం) ఇంకా పెరుగుతుంది. పెడల్ నుంచి వచ్చే కేబుల్ సర్దితే పోయే పని కొత్త స్పిండిళ్లు, బుష్‌ల (స్పిండిల్ తిరిగే తొడుగుల) దాకా వస్తుంది.

కాబట్టి ముందు ఈ పరీక్ష చేయండి. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) పైనే నిలిచిపోయినప్పుడు, ఫ్యానుకు చెయ్యి దూరంగా ఉంచి, థ్రాటిల్ లీవర్‌ను మూసుకునే వైపు వేలితో నొక్కండి. ఆర్‌పీఎం పడిపోతే ఏదో పట్టేస్తున్నట్టు. పడకపోతే థ్రాటిల్ మూసుకునే ఉంది, స్ప్రింగుకు ఏ సంబంధమూ లేదు. గాలి లీకు కోసం వెతకండి, డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు కరెంటు పంచేది) అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగితే స్పార్క్ ముందుగా వచ్చేలా చేసేవి) వెనక్కి వస్తున్నాయో లేదో చూడండి.

పట్టేస్తోందని తేలితే, ఇంజన్ ఆపి కేబుల్ విప్పండి, రెండు కార్బురేటర్లను కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. ఇప్పుడు ఒక్కోదాన్నీ వేలితో తెరిచి వదలండి. టక్కున మూసుకోవాలి. ఒకటి బద్ధకిస్తే దాని లోపలి డిస్క్ (థ్రాటిల్ మూత) మధ్యలో కూర్చోలేదన్నమాట. స్క్రూలు కొద్దిగా వదులు చేసి, డిస్క్ తనంతట తాను సర్దుకున్నాక బిగించాలి. ఆ స్క్రూల చీలిన కొసలను మళ్లీ విడదీయడం మరవవద్దు, ఊడితే స్క్రూ ఇంజన్ లోపలికే పోతుంది.

విడివిడిగా బాగానే ఉండి, కలిపితే మొరాయిస్తే లోపం లింకేజీలో ఉంది. కడ్డీ లీవరు పిన్నుకు, కార్బురేటరు ఫోర్కుకు మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి. అది లేకపోతే ఒక కార్బురేటర్ రెండోదాన్ని పూర్తిగా మూసుకోనివ్వదు. ఈ ఖాళీని "అరుగుదల" అనుకుని బిగించేసేవారు ఎందరో!

ఒక పెద్దాయన బండికి ఇలాంటి స్ప్రింగులు ఒకటికి మించి వేసి పంపారు. రౌండబౌట్ దగ్గర ఇంజన్ ఒక్కసారిగా రేగడంతో ఆయన భార్య ఆ కారెక్కడమే మానేశారట. అన్నీ విప్పి కేబుల్ బయటికి లాగితే, తెగిన ఒక్క పోగు ముల్లులా పైకి లేచి ఉంది. సగం తొక్కితే ఏమీ కాదు, పూర్తిగా తొక్కినప్పుడే అది తొడుగు అంచున గుచ్చుకుని ఆగిపోతోంది. కొత్త కేబుల్ వేసి, వంపు సాఫీగా వచ్చేట్టు మళ్లించి, ఫ్యాక్టరీ స్ప్రింగులే తిరిగి పెట్టాను. పెడల్ ఎంత తేలికైందో చూసి ఆయన నమ్మలేకపోయారు.

ఇక మిగతావి. డ్యాష్‌పాట్‌లో (కార్బురేటర్ పైభాగంలోని గొట్టంలో) నూనె చిక్కబడితే థ్రాటిల్ ఆగిపోతుందంటారు. ఆ నూనె పని పైనున్న పిస్టన్‌తో, థ్రాటిల్ డిస్క్‌తో కాదు. చోక్ (చల్లని ఇంజన్ స్టార్ట్ చేయడానికి లాగే మీట) లోపలికి నెట్టాక కూడా ఫాస్ట్ ఐడిల్ స్క్రూ (చోక్ లాగినప్పుడు ఐడిలింగ్ పెంచేది) దాని క్యామ్‌ను తాకుతుంటే ఐడిలింగ్ దిగదు, దానికి కార్బురేటర్ మార్చనక్కరలేదు. "ఎస్‌యూలు తీసిపారేసి వెబర్ కార్బురేటర్ పెట్టుకోండి" అనే సలహా మరీ ఘోరం. పాత కేబుల్ అలాగే ఉంటే వెబర్ కూడా పట్టేస్తుంది. పెడల్ కింద మందపాటి మ్యాట్ ఉందేమో అన్నిటికంటే ముందు చూడండి.

ఒకసారి ఇలా జరిగాక మళ్లీ స్టీరింగ్ పట్టుకోవాలంటే భయం వేయడం సహజమే. నడుస్తుండగా పట్టేస్తే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి, ఇగ్నిషన్ ఆపండి. బండి ఆగేదాకా తాళం చెవి మాత్రం బయటికి తీయవద్దు, స్టీరింగ్ లాక్ పడవచ్చు. సర్వో (బ్రేకుకు ఇంజన్ సాయం అందించేది) ఉన్న బండిలో బ్రేకు కాస్త గట్టిపడుతుంది, బలంగా తొక్కండి. కారణం దొరికేదాకా ఆ బండిని నడపకుండా ట్రక్కు మీద తెప్పించండి.