ఎక్కే రైలును దిగే రైలే లాగుతుంది: ష్టోస్ కొండ మీద బరువుల లెక్క

స్విట్జర్లాండులోని ష్వీట్స్ ప్రాంతంలో, సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున, ష్టోస్ అనే చిన్న గ్రామం ఉంది. కార్లు తిరగని ఆ ఊరికి లోయ నుంచి వెళ్లే కొత్త రైలు 2017 డిసెంబరులో ప్రారంభమైంది. దాని దారి అత్యంత నిటారుగా ఉన్నచోట వాలు 110 శాతం. ఈ అంకెను ఎక్కడో చదివిన ఒక పాఠకుడు, నూరు శాతమంటేనే నిట్టనిలువు కదా, దాన్ని మించిన వాలు ఎలా ఉంటుందని అడిగారు.

వాలును శాతంలో చెప్పేటప్పుడు, ఎక్కిన ఎత్తును అడ్డంగా జరిగిన దూరంతో భాగిస్తారు. నూరు మీటర్లు అడ్డంగా జరిగేలోపు నూరు మీటర్లు ఎత్తుకు చేరితే అది నూరు శాతం, అంటే 45 డిగ్రీలు. 110 శాతం అంటే 47.7 డిగ్రీలు. నిట్టనిలువు గోడకైతే ఈ శాతం అనంతమవుతుంది. త్రికోణమితిలో టాంజెంటు అనే ఈ నిష్పత్తిని పట్టికలోని విలువగా బట్టీ పట్టించే బదులు ఇలాంటి కొండవాలును బొమ్మ గీసి చూపిస్తే, పిల్లలు దాన్ని ఎన్నటికీ మరిచిపోరని నా గట్టి నమ్మకం.

47.7 డిగ్రీలు చిన్న కోణమేమీ కాదు. మామూలు రైలు పట్టా మీద ఉక్కు చక్రానికి ఉండే పట్టు చాలా తక్కువ. పట్టా పొడిగా ఉన్నప్పుడు కూడా ఘర్షణ గుణకం, అంటే పట్టా మీద ఆనే బరువులో పట్టుగా దక్కే భాగం, 0.3 దరిదాపుల్లోనే ఉంటుంది. సుమారు 8 శాతం వాలున్న ఊటీ రైలు దారిలోనే చక్రాల పట్టు చాలదని పట్టాల నడుమ పళ్ల పట్టా వేసి, ఇంజను కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కేలా చేశారు. స్విట్జర్లాండులోనే, 1889లో తెరిచిన పిలాటస్ కొండ రైలు పళ్ల పట్టా సాయంతో 48 శాతం వాలు ఎక్కుతుంది. ష్టోస్ దారి వాలు అందుకు రెట్టింపుకు పైనే. అందుకే అక్కడ ఉక్కు తాడు కట్టారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తాడు చేసే పనే.

ఈ తరహా రైలును ఫ్యునిక్యులర్ అంటారు. దీనిలో రెండు రైళ్లుంటాయి. ఒకే తాడు కొండ పైనున్న పెద్ద చక్రం మీదుగా వెళ్లి, రెండు కొసల్లో రెండు రైళ్లనూ మోస్తుంది. ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగుతుంది. బావి గిలక మీద ఒకే తాడుకు రెండు కొసల్లో రెండు చేదలు కట్టి తోడే పద్ధతిని గుర్తు తెచ్చుకుంటే దీని మర్మం తెలిసిపోతుంది. అక్కడ తోడే మనిషి చేద బరువును మోయడు, ఎందుకంటే దిగే చేద ఎక్కే చేదను సరిగ్గా తూచి నిలుపుతుంది. మనిషి మోసేది నీటి బరువునే. ష్టోస్‌లో కూడా రైళ్ల సొంత బరువును మోటారు మోయనక్కరలేదు. రెండు వైపులా ఎక్కిన ప్రయాణికుల బరువులో ఉన్న తేడాను మాత్రం అది భరించాలి.

ఈ లెక్కను అంకెల్లో చూద్దాం. ఒక్కో రైలులో 34 మంది చొప్పున పట్టే నాలుగు క్యాబిన్లుంటాయి, అంటే 136 మంది. మనిషికి 75 కిలోల చొప్పున 10.2 టన్నులు. దారి పొడవు 1,740 మీటర్లు, ఎక్కే ఎత్తు 744 మీటర్లు. కిందినుంచి నిండుగా ఎక్కి, పైనుంచి ఖాళీగా దిగినా, ఒక ప్రయాణంలో ప్రయాణికుల కోసం కావలసిన శక్తి, ఘర్షణను పక్కన పెడితే, సుమారు 21 యూనిట్ల విద్యుత్తు. మనిషికి 0.15 యూనిట్. రెండు రైళ్లలోనూ జనం సమానంగా ఉంటే ఆ అవసరం దాదాపు సున్నాకు చేరుతుంది. పైనుంచి నిండుగా దిగి, కిందినుంచి ఖాళీగా ఎక్కితే లెక్క తిరగబడి, మోటారే జనరేటరుగా మారుతుంది.

చేదల పోలికను ఇంకా కొంత దూరం లాగవచ్చు. లోతైన బావిలో నీళ్లు తోడడం మొదలుపెట్టినప్పుడు కింది చేద వైపు తాడు ఎంతో పొడవుగా వేలాడుతుంది, ఆ తాడు బరువు కూడా మనమే లాగాలి. సగం దూరం దాటాక పొడవైన భాగం రెండో వైపుకు మారి, మనకే సాయపడుతుంది. కొండ రైలులోనూ ఇదే జరుగుతుంది. అందుకే దారి కింద మెల్లగా, పైకి పోయేకొద్దీ నిటారుగా ఉంటే ఇంజనీర్లకు మేలు: బయలుదేరేటప్పుడు పైనున్న రైలు నిటారు వాలు మీద ఉండి బలంగా లాగుతుంది, ఆ అదనపు బలం కిందివైపు తాడు బరువుకు సరిపోతుంది. ష్టోస్ కొండ ఆకారం ఈ సూత్రానికి పూర్తిగా ఒదగలేదు. పై స్టేషనుకు చేరేచోట దారి దాదాపు సమతలమవుతుంది. ఒక రైలు 47 డిగ్రీల వాలు మీద, రెండోది అంతకంటే ఎంతో చిన్న వాలు మీద ఉన్న క్షణాల్లో ఆ తూకం చెదురుతుంది, మోటారు ఆ తేడాను క్షణక్షణం సరిదిద్దుతూ ఉండాలి.

రెండు రైళ్లు ఎదురుపడేది దారి మధ్యలో. అక్కడ ఒంటి పట్టాల దారి రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది, కానీ దారి మార్చే కదిలే భాగమేదీ ఉండదు. ఫ్యునిక్యులర్లలో ఒక రైలుకు ఎడమ చక్రాలకు, మరోదానికి కుడి చక్రాలకు మాత్రమే రెండు వైపులా అంచులుంటాయి. మిగతా చక్రాలు అంచుల్లేని వెడల్పాటి దిమ్మెలు. అంచుల చక్రం తన వైపు పట్టాను ఎక్కడా వదలదు, దిమ్మె చక్రం మాత్రం తాడు పోవడానికి పట్టాల్లో వదిలిన ఖాళీల మీదుగా దొర్లిపోతుంది. ఈ ఏర్పాటుకు రూపకర్త స్విస్ ఇంజనీరు కార్ల్ రోమన్ ఆబ్ట్. ఊటీ రైలు పళ్ల పట్టా కూడా ఆయన పద్ధతిదే.

తాడు తెగితే ఏమవుతుందన్నది అందరికీ వచ్చే అనుమానం. ఆ వాలులో రైలు బరువులో 74 శాతం కిందికి లాగుతుంది, 67 శాతం మాత్రమే పట్టాల మీద ఆనుతుంది. చక్రాలను బిగించేసినా, 0.3 గుణకంతో దక్కే నిరోధం బరువులో 20 శాతం. అది ఏ మూలకూ చాలదు. అందుకే అత్యవసర బ్రేకులు చక్రాన్ని కాక పట్టానే ఇరువైపులా పట్టకారులా నొక్కి పడతాయి. ఆ నొక్కుడు బలానికి రైలు బరువుతో సంబంధం లేదు.

ష్టోస్ క్యాబిన్లు పీపాల్లా గుండ్రంగా ఉంటాయి. కింది చట్రం వాలును అనుసరించి వంగుతున్నకొద్దీ పీపా అంతే కోణం వెనక్కి తిరుగుతుంది, కనుక లోపలి నేల ఎప్పుడూ మట్టంగా ఉంటుంది. పాత రైళ్లలో నేలను మెట్లుగా కట్టేవారు. వాలు ఒకేలా ఉన్నంతవరకు ఆ పద్ధతి చాలింది, వాలు మారే దారికి చాలదు.

మట్టమైన నేల కాళ్లకే కాదు, కళ్లకూ మేలు చేస్తుంది. హాంగ్‌కాంగ్‌లో కొండ ఎక్కే పీక్ ట్రామ్ అనే రైలులో, వంగిన పెట్టెలో కూర్చున్నవారికి బయటి ఆకాశహర్మ్యాలు కొండవైపు ఒరిగినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే మెదడు పెట్టె గోడలనే నిలువుగా ఎంచుకుంటుంది. లదాఖ్‌లో లేహ్ దగ్గరి రోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టిన కారు ఎగువకు దొర్లుతుందనీ, అది కొండలోని అయస్కాంత శక్తి మహిమ అనీ ప్రచారంలో ఉన్న కథ వెనక ఉన్నదీ ఇలాంటి భ్రమే: చుట్టూ వాలు కొండలే ఉండి నిజమైన క్షితిజరేఖ కనబడనప్పుడు, పల్లం మిట్టలా తోస్తుంది. మేస్త్రీలు వాడే రసమట్టాన్ని ఆ రోడ్డు మీద పెడితే, కారు పల్లానికే పోతోందని అందులోని బుడగ చూపించేస్తుంది.