మంట ఉన్నా కన్ను లేదంటే

పర్లాకిమిడి బస్టాండు దగ్గరి టీ కొట్టులో, గ్యాసు అయిపోయిన రోజున పంపు స్టవ్వు బయటికి వస్తుంది. మొన్న సాయంత్రం ఆ తతంగం చూస్తూ కూర్చున్నాను. బర్నరు చుట్టూ ఉన్న గిన్నెలో కాస్త కిరోసిన్ పోసి అంటించారు. అది వేడెక్కకముందే తొందరపడి పంపు కొట్టేసరికి పసుపు మంట ఎగిసింది, పాల గిన్నె అడుగున మసి పట్టింది. కాసేపటికి బుస్సుమంటూ నీలి మంట కుదురుకుంది.

సునాబెడలో ఐటీఐ చదువుతున్న మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. "మావయ్యా, మీ టర్బైన్లూ ఇలాగే మొరాయించేవా?" అన్నాడు.

సునాబెడ అనగానే విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ గుర్తొస్తుంది. సుఖోయ్-30 ఎంకేఐ విమానాలకు ఇంజన్లు అక్కడ తయారవుతాయి. అవీ గ్యాస్ టర్బైన్లే. ఉద్యోగంలో నేను చూసుకున్నవి మాత్రం నేల మీద కూర్చుని, డీజిల్ తాగి కరెంటు ఇచ్చేవి. పేరులోని గ్యాస్ ఇంధనం కాదు, రెక్కలను తిప్పే వేడి వాయువు.

నూనె చిమ్ముతున్నా మంట అంటుకోకపోతే ఆ నూనె ఎగ్జాస్ట్ గొట్టంలో చేరుతుంది, ఆపైన ఏ నిప్పు తగిలినా పేలుతుంది. అందుకే స్పార్కు మొదలైన నిమిషం లోపల మంట కనబడకపోతే కంట్రోల్ వ్యవస్థ ఇంధనం ఆపేస్తుంది. ఫ్రేమ్-6 రకం యంత్రంలో చుట్టూ 10 దహన గదులు ఉంటాయి. స్పార్కు ప్లగ్గులు రెండింటికే. మిగతా గదులకు మంట అడ్డ గొట్టాల గుండా పాకుతుంది. మంటను చూసే డిటెక్టర్లను ప్లగ్గులకు దూరంగా పెడతారు. అవి చూశాయంటే మంట చుట్టూ తిరిగి వచ్చినట్టే. ఈ ఏర్పాటు చేసినవాడి తెలివి నాకు ఎప్పుడూ ముచ్చటే.

ఆ డిటెక్టరే మాకు కన్ను. అది చూసేది మనం చూసే వెలుగును కాదు, అతినీలలోహిత కిరణాలను. కాగిన ఇనుము ఎర్రగా మెరుస్తుంది గానీ ఈ కిరణాలను దాదాపు వెదజల్లదు. మంట వెదజల్లుతుంది. పాత రకం కన్ను 300 వోల్టులకు పైగా విద్యుత్తు ఇచ్చిన గాజు గొట్టం, 185 నుంచి 260 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్యే చూస్తుంది. ఎండలోని ఆ కిరణాలను ఓజోన్ పొర మింగేస్తుంది కనుక సూర్యుడు దాన్ని మోసం చేయలేడు. కొత్త రకం సిలికాన్ కార్బైడ్ డయోడ్ 310 దగ్గర కూడా చూస్తుంది. మంటలో పుట్టే హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన కణం) బాగా వెలిగేది అక్కడే.

సహజవాయువుతో చక్కగా పనిచేసిన కన్ను డీజిల్‌కు మారగానే మసకబారుతుంది. డీజిల్‌లోని బెంజీన్ తరహా ఆరోమాటిక్ పదార్థాలు 260 లోపు కిరణాలను పీల్చుకుంటాయి. కాలని నూనె తుంపర మంటకూ కన్నుకూ మధ్య తెరలా నిలబడుతుంది. పాల గిన్నెకు పట్టిన మసే కన్ను ముందరి అద్దానికీ పడుతుంది. కన్నును చల్లబరిచే నీళ్లు మరీ చల్లగా ఉంటే ఆ అద్దం మీద మంచు పట్టినట్టు చెమ్మ చేరుతుంది.

మంట లేదని అలారం రాగానే నేను మొదట చూసేది ఎగ్జాస్ట్ వేడిని కొలిచే థర్మోకపుల్స్‌ను. వేడి జివ్వున పెరిగి వేగమూ పుంజుకుంటే మంట ఉన్నట్టే, తప్పు కన్నుది. వేడి పెరగకపోతే నూనె చిమ్మే నాజిల్‌కు పట్టిన బొగ్గు, నూనెను తుంపర చేసే గాలి, నూనెను వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు కారి ఖాళీ అయిన పైపు చూడాలి. కంప్యూటర్‌లో 'మంట ఉంది' అని బలవంతంగా రాసి నడిపించే ఘనులు కూడా ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడటం నాకు ఇష్టం ఉండదు.

ఒక ప్లాంటులో మూడు రోజులు తల పట్టుకున్నాం. థర్మోకపుల్స్ మంట ఉందంటాయి, ఒక కన్ను లేదంటుంది. దాన్ని ఊడదీసి లైటర్ వెలిగించి ముందు పెడితే వెంటనే స్పందించింది. పక్క గదికి మార్చి బిగిస్తే అక్కడా భేషుగ్గా చూసింది. తిరిగి తన చోటికి వస్తే గుడ్డిదే. ఆఖరికి అద్దాన్నే విప్పాం. తళతళలాడుతోంది. అతినీలలోహిత కిరణాలను దూరనిచ్చే క్వార్ట్జ్ బిళ్ల పగిలితే, దాని స్థానంలో ఎవరో స్టోరులో దొరికిన, వేడికి తట్టుకునే మామూలు గాజు బిళ్ల పెట్టారు. 260 నానోమీటర్ల లోపు ఆ గాజు గోడతో సమానం. క్వార్ట్జ్ బిళ్ల వేశాక తొలిసారే అంటుకుంది.

ఆ గాజు బిళ్ల ఇంకా మా ఇంట్లోనే ఉంది. టీ కొట్టు నుంచి వచ్చిన రాత్రి మేనల్లుడు దాన్ని కంటికి ఆనించి, దేవుడి గదిలో దీపం కేసి చూశాడు.

"బాగానే కనబడుతోంది కదా, మావయ్యా" అన్నాడు.