చేపల మధ్య పొట్టి పిల్లలు: ఇండోనేషియా పల్లెల పోషణపై అపోహలు – వాస్తవాలు

సెలవులకు ఇంటికొస్తే మా పెదనాన్న అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "చుట్టూ సముద్రమే కదమ్మా, చేపలు తిని బతికే దేశం. అక్కడి పిల్లలకు పోషణ లోపమేంటి, నువ్వెళ్లి చేసేదేంటి?" ఆయన్ని తప్పుపట్టలేను. ఇక్కడ అంగన్‌వాడీలతో కొన్నేళ్లు పనిచేసి, ఆ ధైర్యంతో మొదటిసారి తిమోర్ దీవిలో ఇండోనేషియాకు చెందిన పడమటి భాగానికి బయల్దేరినప్పుడు నా బుర్రలోనూ ఇంచుమించు అదే బొమ్మ ఉంది. అందుకే కింద రాసిన అపోహల్లో ఊరివాళ్లవి కొన్నే. మిగతావి మా పోషణ రంగంవాళ్లవి, నావి కూడా.

అపోహ: చుట్టూ సముద్రం ఉంటే చేపలకు కొదవుండదు.

తిమోర్‌లో అటోని తెగ జనం ఎక్కువమంది ఉండేది తీరంలో కాదు, కొండల మీద. సోఏ అనే కొండ పట్నం చుట్టుపక్కల ఊళ్లలో బతుకు మొక్కజొన్న మీద. వాన డిసెంబరు నుంచి మార్చి దాకా, ఆ తర్వాత నెలల తరబడి ఎండే. పాత కంకులు అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని రోజుల్ని అక్కడ "ఆకలి కాలం" అనే పిలుస్తారు. తీరం నుంచి కొండకు చేప రావాలంటే ఐసు కావాలి, బండి కావాలి, రోడ్డు కావాలి. వచ్చేది ఎక్కువగా ఉప్పు చేపే.

వచ్చిన చేప కూడా అందరి కంచంలోకీ చేరదు. చేపలు ఎక్కువ తింటే పిల్లలకు నులిపురుగులు పడతాయని, బాలింత తింటే పాలు నీచు వాసన వేస్తాయని ఇండోనేషియాలో చాలాచోట్ల నమ్మకం. నులిపురుగులు వచ్చేది మట్టి నుంచి, కడగని చేతుల నుంచి. చేపకు ఆ పాపం అంటదు. మనం నవ్వక్కర్లేదు లెండి, బాలింత పథ్యం పేరుతో మన ఇళ్లలో ఏమేం తీసేస్తామో మనకు తెలుసు.

ఇక పెరట్లో కోళ్లు, పందులు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. అక్కడ పంది అంటే బ్యాంకు ఖాతా. పెళ్లికి, చావుకి, ఫీజుకి తీస్తారు. మామూలు మంగళవారం నాడు కోసి పిల్లలకు పెట్టరు.

అపోహ: వాళ్లు జాతిరీత్యానే పొట్టి.

ఇది ఊరి పెద్దల నుంచి కాలేజీ చదివినవాళ్ల దాకా అందరి నోటా విన్నాను. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడాన్ని స్టంటింగ్ అంటాం. మన పల్లె మాటలో గిడసబారడం. ఇండోనేషియా జాతీయ సర్వేల్లో ఐదేళ్లలోపు పిల్లల్లో ఇది 2013లో 37.2 శాతం, 2018లో 30.8, 2023లో 21.5, 2024లో 19.8. సర్వే పద్ధతులు మధ్యలో కొంత మారాయి కాబట్టి ఈ అంకెల్ని అచ్చంగా ఒకే గీత మీద పెట్టలేం. కానీ పదకొండేళ్లలో జన్యువులు మారవు. అదే దేశంలో, అదే 2023లో, తిమోర్ ఉన్న తూర్పు నుసా తెంగారా రాష్ట్రంలో ఈ లెక్క 37.9 శాతం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాలు ఒక్క తెల్లవాళ్లను చూసి రాసినవి కావు. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని కొలిచి రాశారు. సరైన తిండి, శుభ్రమైన ఇల్లు, తల్లిపాలు ఉంటే ఐదేళ్ల దాకా వీళ్లంతా దాదాపు ఒకేలా పెరిగారు. పెదనాన్నకు ఈ మాట చెప్పి, పనిలో పనిగా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ 31.2, తెలంగాణ 33.1 శాతం అని కూడా చెప్పాను. ఆయన టీవీ సౌండు పెంచాడు.

అపోహ: తిండి పెడితే సరిపోతుంది.

అక్కడ మన అంగన్‌వాడీకి దగ్గరగా ఉండేది పోస్యందు. నెలకోసారి ఎవరో ఒకరి వసారాలో ఐదు బల్లలు వేస్తారు: పేరు రాయడం, తూకం, నమోదు, సలహా, మందులు. నడిపేది ఊరి ఆడవాళ్లే, వాళ్లను కాదెర్ అంటారు. 1980ల నుంచీ నడుస్తున్న వ్యవస్థ ఇది. దూలానికి వేలాడే త్రాసు, దానికి కట్టిన గుడ్డ నిక్కరులో కాళ్లు ఆడిస్తూ ఏడ్చే పిల్లాడు. తూకం అయ్యాక చేతిలో ఒక ఉడికిన గుడ్డో, పెసల జావో పెడతారు.

ఒక పిల్ల నాకు బాగా గుర్తు. గుడ్డు తినేది, జావ తాగేది, రెండు నెలలు బరువు పెరిగేది, మూడో నెల ఎదుగుదల చార్టులో మళ్లీ పాత చుక్క దగ్గరికి జారేది. అలా మూడుసార్లు. నాలుగోసారి వాళ్ల ఇంటికి వెళ్లాను. ఎండాకాలం, నీళ్లు కొండ కింది ఊట నుంచి పసుపు జెర్రీ డబ్బాల్లో. తల్లి నీళ్లు మరగబెడుతోంది, ఆ విషయంలో లోపం లేదు. మరగబెట్టిన నీళ్లు బక్కెట్లో పోసి, పిడి ఉన్న ప్లాస్టిక్ మగ్గు అందులోనే వేసి ఉంచింది. వచ్చినవాళ్లంతా ఆ మగ్గే ముంచుతున్నారు. నేను కూర్చున్న అరగంటలో ఆరు చేతులు లెక్కపెట్టాను, అందులో ఒకటి అప్పుడే కోళ్ల గూడు సర్ది వచ్చిన చెయ్యి.

ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. ఇండోనేషియాలో సుమారు 20 వేల ఇళ్ల తాగునీటిని పరీక్షిస్తే పదింట ఏడిళ్ల నీళ్లలో మలం నుంచి వచ్చే ఇ. కోలి అనే బ్యాక్టీరియా దొరికింది. పదేపదే విరేచనాలు పట్టిన పేగు, విరేచనాలు కనిపించకపోయినా లోపల వాచి ఉన్న పేగు, పెట్టిన గుడ్డును పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు. ఆ ఇంట్లో మేం చేసింది చిన్న పనే. బక్కెట్ తీసేసి కుళాయి ఉన్న మూత డబ్బా పెట్టించాం.

అపోహ: తల్లులకు తెలియక.

నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది ఇదే. మొదటి ఏడాది బొమ్మల చార్టు పట్టుకుని ఊరూరా తిరిగాను. ఆరు నెలల దాకా తల్లిపాలే, ఆ తర్వాత గుడ్డు, చేప, పప్పు, ఆకుకూర. ఒక ఊళ్లో నేను మొదలుపెట్టకముందే వెనక వరసలోని ఒకావిడ ఆ చార్టంతా అప్పజెప్పేసింది. అందరూ నవ్వారు. తర్వాత ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "మామా, ఇవన్నీ మాకు వచ్చు. మా ఆయన సిగరెట్ల డబ్బు ఇంటికి ఎలా తేవాలో ఆ చార్టులో ఉందా?" అంది. (అక్కడ గౌరవంగా ఆడవాళ్లను మామా అంటారు. మనకు ముందు మేనమామ గుర్తొస్తాడు, అలవాటు కావడానికి టైం పట్టింది.)

ఇండోనేషియాలో 2021 సర్వే ప్రకారం మగవాళ్లలో 64.7 శాతం పొగాకు పొగ తాగుతారు. లవంగం కలిపిన క్రెతెక్ సిగరెట్టు ఊళ్లో చిల్లరకొట్టు దాకా విడిగా దొరుకుతుంది. ఆ దేశ గణాంక శాఖ దారిద్ర్య రేఖ లెక్కల్లో, పేదింటి ఖర్చులో బియ్యం తర్వాతి స్థానం ఏళ్ల తరబడి సిగరెట్లదే. గుడ్లు ఆ తర్వాతే. అయినా పోస్యందుకు మేం నాన్నల్ని పిలవం. పాఠం అంతా తల్లికే.

డబ్బు సంగతి అలా ఉంచి, తల్లికి సమయం ఏది? కలుపు తీసే నెలల్లో ఆమె పొద్దున్నే పొలానికి పోతే బిడ్డకు తినిపించేది అమ్మమ్మో, ఎనిమిదేళ్ల అక్కో. లొంబోక్ దీవిలో ససక్ అమ్మమ్మలు అన్నం నమిలి పసికందుకు పెట్టే నాసి పాపా అనే ఆచారం ఉంది. జావాలో పురిటి బిడ్డకే అరటిపండు మెదిపి పెట్టేవాళ్లున్నారు. తల్లి చేత వంద ప్రమాణాలు చేయించినా, స్పూను పట్టుకున్న చెయ్యి వేరే ఉంటే లాభం లేదు. ఇప్పుడు నేను ఊరికి వెళ్తే మొదట అడిగేది, "మధ్యాహ్నం బిడ్డకు ఎవరు తినిపిస్తారు?" అని. వాళ్లొస్తేనే మాటలు మొదలుపెడతాను.

అపోహ: గిడసబారడం పుట్టాక మొదలవుతుంది.

కడుపులోనే మొదలవుతుంది. 2018 సర్వేలో ఇండోనేషియా గర్భిణుల్లో 48.9 శాతం మందికి రక్తహీనత. కనీసం 90 ఐరన్ మాత్రలు ఇస్తారు, ఇచ్చినట్టు రాస్తారు కూడా. వాడని మాత్రలు చెక్క పెట్టెల్లో, చూరుల్లో కనిపిస్తాయి. వాంతి వచ్చినట్టుంటుంది, మలం నల్లగా అవుతుంది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. వేసుకునేవాళ్లు కూడా తియ్యటి టీతో వేసుకుంటారు, టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గర్భిణి జబ్బ చుట్టూ టేపు చుడితే 23.5 సెంటీమీటర్ల లోపు ఎర్రరంగు వస్తుంది, అంటే తల్లికే పోషణ చాలట్లేదని. ఆ ఎరుపులో పడేవాళ్లలో చాలామంది ఇంకా టీనేజీ పిల్లలే. పెళ్లి వయసును 2019లో చట్టం 19కి పెంచింది. కొండ ఊళ్లకు చట్టం నడిచి వెళ్తోంది.

అపోహ: పాలు ఉంటేనే పూర్తి భోజనం.

1950లలో పూర్వో సూదర్మో అనే పోషకాహార నిపుణుడు "నాలుగు ఆరోగ్యం, ఐదు సంపూర్ణం" అనే నినాదం తెచ్చారు. అన్నం, చేపో పప్పో, కూరగాయలు, పండ్లు నాలుగు. ఆ ఐదోది పాలు. నినాదం ఎంత పట్టేసిందంటే, 2014 తర్వాత ప్రభుత్వం "నా కంచం" అనే కొత్త బొమ్మ తెచ్చినా తాతల తరం ఇంకా ఐదు వేళ్లే లెక్కపెడుతుంది. పాలు కొనలేని ఇంట్లో ఆ ఐదో వేలును చవకైన కండెన్స్‌డ్ పాల డబ్బా ఆక్రమించింది. దాదాపు సగం చక్కెరే. దాన్ని వేడినీళ్లలో కలిపి సీసాలో పోసి ఇస్తారు. ఐదేళ్లలోపు పిల్లల్ని వాటి ప్రకటనల్లో చూపకూడదని అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2018లో ఆదేశించింది. ప్రకటనలు తగ్గాయి. సీసాలు మాత్రం ఇంకా ఉన్నాయి.

అపోహ: మునగాకు అన్నిటికీ మందు.

మునగాకు అంటే మనకు ఆషాఢం. అక్కడ కెలోర్. "లోకం కెలోర్ ఆకంత కాదు" అని సామెత, అంటే అంత చిన్నది కాదని. తిమోర్‌లో బోసెతో, అంటే ఉడికించిన మొక్కజొన్న గింజల గంజితో కలిపి ఇష్టంగా తింటారు. జావాలో కొందరు శవానికి స్నానం చేయించే నీళ్లలో వేస్తారు కాబట్టి వండటానికి వెనకాడతారు. మంచి ఆకే, సందేహం లేదు. కానీ ఏడాది బిడ్డ ఎంత తింటుంది? రెండు చెంచాలు. ఆకులోని ఐరన్ ఒంటికి పట్టేది అందులో కొంచెమే. గుడ్డు బదులు మునగాకు పొడి పంచిన పథకాలు చూస్తే నాకు చిరాకు.

విటమిన్ ఎ విషయంలో ఒక గుళిక పనిచేసింది, నిజమే. 1980లలో సుమత్రా దీవిలోని ఆచే పల్లెల్లో అమెరికా కంటి వైద్యుడు ఆల్ఫ్రెడ్ సోమర్ బృందం ఇచ్చిన గుళికలతో పిల్లల మరణాలు మూడోవంతు తగ్గాయి. ఇప్పటికీ ఫిబ్రవరి, ఆగస్టుల్లో పోస్యందులో నీలం, ఎరుపు గుళికలు వేస్తారు. ఆ విజయం మాకో దురలవాటు నేర్పింది. అప్పట్నుంచి ప్రతిదానికీ ఒక గుళిక వెతుకుతున్నాం.

అపోహ: వరి అన్నం తింటే ఎదిగినట్టు.

మొక్కజొన్న, సాగో (ఒక చెట్టు బోదె నుంచి తీసే పిండి) పేదల తిండి అనే చిన్నచూపు చౌక బియ్యం పథకాలతో ఇంకా గట్టిపడింది. అన్నం తినకపోతే తిననట్టే లెక్క. పైన కూర ఏదంటే చాలా ఇళ్లలో ఇన్‌స్టంట్ నూడుల్స్, అన్నంలో నంజుకోవడానికి. ఈ దేశం ఏటా 1,400 కోట్ల ప్యాకెట్లకు పైగా తింటుంది, చైనా తర్వాత ఇదే. పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు బెరిబెరి (విటమిన్ బి1 లోపంతో నరాలు దెబ్బతినే జబ్బు) లాంటిది వస్తోందని ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు 1890లలో కనిపెట్టింది ఇదే దేశంలో, నేటి జకార్తాలో.

అపోహ: ఆచారాలన్నీ హానికరం.

అటోని బాలింతను నలభై రోజులు ఉమె క్బుబు అనే గుండ్రటి గడ్డి ఇంట్లో నిప్పు పక్కనే ఉంచుతారు. కిటికీ ఉండదు, తలుపు వంగి వెళ్లేంత. ఆ పొగే అటక మీది మొక్కజొన్నకు పురుగు పట్టకుండా కాపాడుతుంది. కింద ఉన్న పసికందు ఊపిరితిత్తులకు మాత్రం అదే పొగ. ఆపమని చెప్పడం తేలిక. అయితే ఆ నలభై రోజులే ఆమెకు నీళ్లు మోయని రోజులు, వేడి బోసె ఎవరో వండి పెట్టే రోజులు. ఇల్లు వదిలేయమన్న ఊళ్లలో పొగతో పాటు విశ్రాంతి కూడా పోయింది. నిప్పును బయటికి జరిపి, నలభై రోజుల్ని ఉంచమన్న బిడాన్, అంటే ఊరి మంత్రసాని నర్సు, నాకంటే తెలివైనది.

అపోహ: బడి భోజనంతో గిడసబారడం పోతుంది.

2025 జనవరి 6న ఇండోనేషియా ఉచిత పోషకాహార పథకం మొదలుపెట్టింది. గర్భిణులు, చిన్నపిల్లలు కూడా ఉన్నారు, కానీ కెమెరాలన్నీ బడి పిల్లల మీదే. ఆ ఏడాదే వేలమంది పిల్లలు ఆ భోజనం తిని అస్వస్థులయ్యారు. మళ్లీ అదే నీళ్లు, అవే చేతులు. బడి పిల్లాడికి అన్నం పెట్టడం మంచి పనే, చదువు వంటపడుతుంది. ఎత్తు సంగతి మాత్రం చాలావరకు మొదటి వెయ్యి రోజుల్లోనే, అంటే కడుపులో పడ్డప్పట్నుంచి రెండేళ్లు నిండేలోపే తేలిపోతుంది.

అపోహ: రిజిస్టరులో ఉన్నది నిజం.

ఆఖరిది మా ఇంటి గుట్టు. పొడవు కొలిచే చెక్క మీద పసిబిడ్డను పడుకోబెడితే మోకాళ్లు ముడుచుకుంటుంది. ఒకరు తల, ఒకరు కాళ్లు పట్టుకోవాలి. కాదెర్ ఒక్కతే ఉంటుంది, బయట ముప్పైమంది క్యూలో ఉంటారు. ఒక్క సెంటీమీటరు తేడా చాలు, బిడ్డ గీత అటో ఇటో దాటేస్తుంది. 2024 కల్లా గిడసబారడం 14 శాతానికి దిగాలని పైనుంచి టార్గెట్ వచ్చాక ఆ సెంటీమీటరు ఎటు పోతుందో మీరే ఊహించుకోండి. పడుకోబెడితే పొడవు కాస్త ఎక్కువ వస్తుంది కాబట్టి, రెండేళ్లలోపు బిడ్డను నిలబెట్టి కొలిస్తే వచ్చిన ఎత్తుకు 0.7 సెంటీమీటర్లు కలపాలి. తల్లి చేతిలోని గులాబీ రంగు తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకం తెరిచినప్పుడు నేను మొదట చూసేది చుక్క ఎక్కడుందని కాదు. బిడ్డను పడుకోబెట్టారా, నిలబెట్టారా అని అడుగుతాను.