తుప్పు తినేసే జ్ఞాపకం: కర్బనపు పొరలో కోబాల్టు రేణువు

తుప్పు పట్టకుండా ఉండటానికే అయితే, కోబాల్టు నానో రేణువుల మీద కర్బనపు పొర కట్టించేందుకు ఇంత శ్రమ ఎందుకని ఒక పాఠకుడు అడిగారు. అంత చిన్న రేణువు విషయంలో ఒకటిన్నర నానోమీటర్ల తుప్పు దాని అయస్కాంతత్వాన్ని ఏం చేస్తుందో లెక్క వేసి చూడాలి.

షట్కోణ స్ఫటిక రూపంలోని కోబాల్టులో అయస్కాంత దిశ ఒకే అక్షం వెంట నిలుస్తుంది. దాన్ని తలకిందులు చేయాలంటే ఘనమీటరుకు దాదాపు 4.5 లక్షల జౌళ్ల అవరోధాన్ని దాటాలి. ఈ సంఖ్యను రేణువు ఘనపరిమాణంతో గుణించి, 300 కెల్విన్ వద్ద ఉండే ఉష్ణశక్తితో భాగిస్తే వచ్చే నిష్పత్తి, దిశ నిలిచి ఉండే కాలాన్ని ఘాత రూపంలో (నిష్పత్తి కాస్త పెరిగినా కాలం ఎన్నో రెట్లయ్యేలా) పెంచుతుందని 1949లో ఫ్రెంచి భౌతికవేత్త లూయీ నేల్ చూపాడు. తిరగబడే ఒక్కో ప్రయత్నానికి సెకనులో వందకోట్లవ వంతు పడుతుందనుకుంటే, 6 నానోమీటర్ల వ్యాసమున్న రేణువు సెకనులో 5 వేలవ వంతులోనే తన దిశను మరిచిపోతుంది. 8 నానోమీటర్ల రేణువుకు గంటకు పైగా పడుతుంది, 9 నానోమీటర్లదానికి 30 ఏళ్లు దాటుతుంది, 10కి వచ్చేసరికి 15 కోట్ల ఏళ్ల పైమాటే. మన పాఠ్యపుస్తకాలు శాశ్వత అయస్కాంతం గురించి చెప్పేటప్పుడు పరిమాణాన్నీ ఉష్ణోగ్రతనూ ప్రస్తావించకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

ఇప్పుడు 9 నానోమీటర్ల రేణువులో చుట్టూ ఒకటిన్నర నానోమీటర్ల మందాన లోహం ఆక్సైడుగా, అంటే తుప్పుగా, మారిందనుకుందాం. లోపల మిగిలే లోహపు వ్యాసం 6, ఘనపరిమాణం మూడో వంతు కూడా ఉండదు, 30 ఏళ్ల జ్ఞాపకం రెప్పపాటుకన్నా ముందే చెరిగిపోతుంది.

తయారీకి వాడేది విద్యుత్ చాపం (రెండు కడ్డీల మధ్య ఎడతెగని విద్యుత్ మెరుపు); 1990లో భౌతికవేత్తలు క్రాట్ష్మర్, హఫ్మన్ ఫుల్లరీన్లను, అంటే బంతి ఆకారపు కర్బన అణువులను, పెద్ద మొత్తంలో తీసిన పద్ధతికి ఇది దగ్గరిదే: గ్రాఫైటు కడ్డీని తొలిచి, అందులో లోహపు పొడి కూరి, హీలియం వాయువులో ఆ చాపంతో ఆవిరి చేసి, మసిని పోగుచేస్తారు. ఆ వేడిలో ద్రవ లోహం కర్బనాన్ని కరిగించుకుంటుంది. చల్లారేటప్పుడు దాన్ని ఇముడ్చుకోలేక ఉపరితలానికి నెట్టేస్తుంది. అలా వెలువడిన కర్బనం 0.34 నానోమీటర్ల ఎడంతో ఉల్లిపాయ పొరల్లా చుట్టుకుంటుంది. ఈ రేణువుల్లో కోబాల్టు తరచుగా ఘనాకార స్ఫటిక రూపంలో ఉంటుంది కనుక అవరోధం తక్కువ, పైన చెప్పిన వ్యాసాలన్నీ పెరుగుతాయి. ఘాత రూపంలోని ఆ సంబంధం మాత్రం మారదు.

పూత సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి మొదట ఆమ్లంతో కడుగుతారు, పొర లేనివీ పొర చిల్లుపడినవీ కరిగిపోతాయి. అంతకన్నా సున్నితమైన పరీక్షకు ఆధారం 1956లో మెయిక్లజాన్, బీన్ కోబాల్టు రేణువుల్లో కనిపెట్టిన ప్రభావం. నమూనాను అయస్కాంత క్షేత్రంలో ఉంచి బాగా చల్లబరిచి, హిస్టెరిసిస్ వలయాన్ని (క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తుంటే అయస్కాంతత్వం ఎలా మారుతుందో చూపే గీతను) గీస్తారు. లోహాన్ని అంటుకుని కోబాల్టు ఆక్సైడు ఉంటే, ఆ వలయం సున్నా క్షేత్రానికి ఇరువైపులా సమానంగా కాక ఒక పక్కకు జరిగి కనిపిస్తుంది, అంటే పూత లోహాన్ని పూర్తిగా కాపాడలేదన్నమాట.