తుపాను నీళ్లు: పటిక చేసే పని, చెయ్యని పని

కరెంటు పోయిన మర్నాడు ముందుగా తగ్గేవి తాగే నీళ్లే. వీధి చివర ఆర్‌ఓ ప్లాంటు ఆగిపోతుంది. మోటారు తిరగదు, మిద్దె మీది ట్యాంకు నిండదు. క్యాన్ల ఆటో కోసం చూద్దామంటే, 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది, ఇక ఆటో మాటేముంది?

అందుకే వాయుగుండం తుపానుగా మారిందని వినగానే మా ఇంట్లో బిందెలు నింపుతారు, కొవ్వొత్తుల సంగతి తర్వాత. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకుంటే నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు కావాలి. మూతి సన్నగా ఉన్న పాత్ర మేలు. గంగాళంలో చెంబు ముంచితే దాంతోపాటు వేళ్లూ మునుగుతాయి, వేళ్ల మీది క్రిములు నీళ్లలో చేరతాయి. ఆర్‌ఓ నీళ్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ. వాటిలో క్లోరిన్ మిగలదు కాబట్టి, ఒకసారి చెయ్యి తగిలితే క్రిముల్ని ఆపేదేమీ ఉండదు.

ఉన్నవి అయిపోయి బురద నీళ్లే దిక్కయితే చాలామందికి గుర్తొచ్చేది పటిక. మట్టి రేణువులన్నిటికీ ఋణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుగుకు చేరకుండా తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని తగ్గించగానే ముద్దకట్టి కిందికి దిగుతాయి. గంటలో బిందె అడుగు కనబడుతుంది. నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని తాగితే మాత్రం మోసపోయినట్టే, క్రిములు చాలానే మిగిలి ఉంటాయి.

పాత నూలు చీరను నాలుగు మడతలేసి వడకట్టడం తీసిపారేసే పని కాదు. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం ఇదే చేయించి చూస్తే కలరా సుమారు సగానికి తగ్గింది. కలరా క్రిమి చీర సందుల్లోంచి సులువుగా దూరిపోయేంత చిన్నదే కానీ, నీళ్లలో తేలే, తనకన్నా చాలా పెద్దవైన చిన్న జీవులను పట్టుకుని వేలాడుతుంది. అవి గుడ్డలో చిక్కుకుంటాయి. ఉతికి ఉతికి పోగులు విచ్చుకున్న పాత చీరే కొత్తదానికన్నా బాగా పట్టింది.

తేరాక క్లోరిన్ వెయ్యాలి. ముందే వేస్తే సగం మట్టికే ఖర్చయిపోతుంది. మాత్రలైతే అట్ట మీద రాసినంత. వాసన కలపని 5 శాతం బ్లీచ్ ద్రావణమైతే లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి. అప్పటికి కాస్త క్లోరిన్ వాసన మిగిలి ఉంటే పని అయినట్టు, లేకపోతే ఇంకోసారి అంతే వెయ్యాలి. గ్యాస్ ఉంటే ఒక నిమిషం తెర్లనిచ్చినా చాలు.

కానీ కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లను ఎంత కాచినా ఫ్లోరైడ్ పోదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు రెండు లీటర్లు కాచి ఒకటిన్నర చేశామంటే అది 2.6 దాటుతుంది. ఉండదగ్గది 1.5 లోపే. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు, ఉందని 1937లో వైద్యులు మొదట రాసింది ఆ ప్రాంతాల గురించే, అప్పటికవి నెల్లూరు జిల్లావి. ఫ్లోరైడ్ వచ్చేది భూమిలోని రాళ్ల నుంచి, మబ్బుల నుంచి కాదు. కాబట్టి అక్కడ తుపాను వానను వదులుకోకూడదు. మొదటి జల్లుకు మిద్దె కడిగిపోనిచ్చి, ఆ తర్వాత పడే నీళ్లు పట్టి, చీరలో వడకట్టి క్లోరిన్ వేసుకుంటే బోరు నీళ్లకన్నా అవే నయం.