విదేశీ కారు కావాలంటున్న మా పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

జపాన్ వేలంలో నిస్సాన్ స్కైలైన్ ఆర్34 కొని హైదరాబాద్ తెచ్చుకోవచ్చా అని అడిగారు కదా, ఇప్పటికైతే కుదరదు. వాడిన కారును మన దేశానికి తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపించాలి, ముంబై రేవులోనే దిగాలి. ఆర్34 తయారీ 2002లోనే ఆగిపోయింది. జపాన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి స్టీరింగ్‌తో ఇబ్బంది లేదు, వయసుతోనే.

అమెరికా నుంచి తిరిగొచ్చే మనవాళ్లు చాలామంది అక్కడి కారు వెంట తెచ్చుకుందామనుకుంటారు, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి అదీ కాదు. ఇందులో హెడ్‌లైట్ల సంగతి కూడా ఉంది, ఇది తెలుసుకోండి: కుడి పక్కన నడిపే దేశాల కార్లలో డిమ్ వేసినా వెలుగు కుడివైపు కాస్త పైకి లేచేలా చేస్తారు, అక్కడ అది రోడ్డు అంచును చూపిస్తుంది, మన విజయవాడ హైవే మీద అదే వెలుగు ఎదురొచ్చే లారీ డ్రైవర్ కళ్లలో కొడుతుంది. అందుకే ఈ నిబంధనలు ఊరికే పెట్టినవని నేను ఒప్పుకోను.

పాతకాలపు కార్లకు వేరే దారి ఉంది. ఒకప్పుడు 1950కి ముందు తయారైనవే తేనిచ్చేవారు, 2025లో దాన్ని 50 ఏళ్లు దాటినవాటికి మార్చారు. ఆ లెక్కన 1999 నాటి ఆర్34 కోసం 2049 దాకా ఆగాలి! వాటికి వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు, రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, కానీ రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి కాదు, ర్యాలీలకూ ప్రదర్శనలకే.

ఇక డబ్బు. వాడిన కారుకు ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి విలువ కట్టి, ఆ విలువను మించిన సుంకం వేస్తారు, పైన జీఎస్టీ, తర్వాత లైఫ్ టాక్స్. అందుకే దొంగదారులు పుడతాయి. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వాళ్లు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో సోదాలు చేశారు, భూటాన్ నుంచి తెచ్చిన పాత బండ్లను దొంగ పత్రాలతో వేరే రాష్ట్రాల్లో రిజిస్టర్ చేయించి అమ్మారన్నది ఆరోపణ. అలాంటి కేసుల్లో ఆఖరున కొన్నవాడి ఇంటి ముందున్న బండినే పట్టుకెళ్తారు, వాడు మోసపోయానని ఎంత చెప్పుకున్నా సరే. నాకు బాధ కలిగించేది అదే.

ఉన్న కారునే మార్చుకుంటామంటారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అనుమతి లేకుండా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంజిన్ మార్చాల్సి వస్తే ముందు ఆర్టీవో అనుమతి తీసుకోండి, సీఎన్జీ కిట్ అయితే ఆమోదం ఉన్నదే బిగించి ఆర్సీలో రాయించండి.

ఎవరైనా విదేశీ కారు చవగ్గా ఇస్తానంటే ముందు బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి చేసేటప్పుడు కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం, అడగండి. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, ఆర్సీలో ఉన్నవీ, బండి మీద చెక్కి ఉన్నవీ మీ కళ్లతో పోల్చి చూడండి, సుంకం కట్టిన రసీదు చూపించమనండి. రేపు ఇస్తానంటే అడ్వాన్సు కూడా రేపే ఇవ్వండి.

మీ తాతయ్య